డీజిల్ బండిలో పెట్రోల్ పోశారు, స్టార్ట్ కూడా చేశారు: ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందు ఒకచోట పెట్టుకుందాం. 50 లీటర్ల ట్యాంకున్న కామన్ రైల్ డీజిల్ కారు (పంపు తోసిన డీజిల్ 'రైలు' అనే ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో నిలిచి, అక్కడ్నుంచి ఇంజెక్టర్ల ద్వారా సిలిండర్లలోకి చిమ్మే రకం). లోపల సుమారు 10 లీటర్ల డీజిల్ ఉండగా 15 లీటర్ల పెట్రోల్ పోశారు. బిల్లు చూసుకునేసరికి బండి ఓ కిలోమీటరు వచ్చేసింది. పక్కకు తీసి ఇంజన్ ఆపేశారు. అప్పటిదాకా శబ్దంలో తేడా లేదు, పికప్ తగ్గలేదు. మిగతా 25 లీటర్లు డీజిల్ కొట్టించి, పావు లీటరు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే నూనె) కలిపి నడిపేయొచ్చా అన్నది ప్రశ్న.

వద్దు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇంజన్ సంగతి అటుంచి, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకండి. వెంటనే ఆపేశారు కాబట్టి బండి పెద్ద ఖర్చు లేకుండా బయటపడే అవకాశం బాగానే ఉంది. ఎన్ని లీటర్లు పడిందన్నదానికన్నా, ఆ మిశ్రమంతో హై ప్రెజర్ పంపు ఎంతసేపు తిరిగిందన్నదే నష్టాన్ని తేలుస్తుంది. 2 లీటర్ల పెట్రోల్‌తో 60 కిలోమీటర్లు తిరిగిన బండికన్నా, 40 లీటర్లు పోసి స్టార్ట్ చేయకుండా ఆపిన బండి ఎన్నోరెట్లు క్షేమం.

తేడా తెలియలేదు కాబట్టి పెట్రోల్ ఇంకా ముందుకు రాలేదని అనుకోకండి. మొదట్లో ఇంజన్ నడిచేది ఫిల్టరులో, పైపుల్లో మిగిలిన పాత డీజిల్ మీదే, నిజమే. కానీ ఈ ఇంజన్లు కాల్చేదానికన్నా చాలా ఎక్కువ ఇంధనాన్ని ట్యాంకు నుంచి లాగి, మిగిలింది వెనక్కి పంపుతుంటాయి. కిలోమీటరు ప్రయాణంలో ఖర్చయ్యేది 100 మిల్లీలీటర్లలోపే అయినా, ఫిల్టరు గుండా తిరిగేది దానికి ఎన్నో రెట్లు. కాబట్టి మిశ్రమం పంపుదాకా వచ్చిందనే లెక్క వేసుకుని పని మొదలుపెట్టాలి.

ఇక పెట్రోల్ ఏం చేస్తుందో చూద్దాం. ఈ హై ప్రెజర్ పంపుకు వేరే ఇంజనాయిల్ ఉండదు. చాలా డిజైన్లలో దాన్లోంచి పోయే డీజిలే దానికి కందెన. లోపల ప్లంజరుకూ (డీజిల్‌ను ఒత్తే కడ్డీ) దాని గుంటకూ మధ్య ఉండే ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ సందులో నిలిచే డీజిల్ పొరే లోహాన్ని లోహం తాకకుండా కాపాడుతుంది, అదీ 1,600 నుంచి 2,500 బార్ల ఒత్తిడి దగ్గర. యూరప్ ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ ఉండాలి. పెట్రోల్‌ది ఒకటి కూడా ఉండదు. పైగా పెట్రోల్ ద్రావకం, ఉన్న జిడ్డునూ కడిగేస్తుంది. ఇంకో చిక్కు మరుగు స్థానం. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 35 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలవుతుంది, వేడెక్కిన పంపులో ఇంధనం అంతకన్నా చాలా ఎక్కువ వేడిగా ఉంటుంది. అక్కడ బుడగలు పుట్టి పగులుతూ లోహపు ముఖాన్ని కొరుకుతాయి. డీజిల్ మరిగేది 180 డిగ్రీలు దాటాకే.

ఇలా అరిగిన లోహం సన్నటి రజనుగా మారి రైలులోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ పైపు గుండా మళ్లీ ట్యాంకులోకి చేరుతుంది. అసలు ఖర్చు పెట్టించేది ఈ రజనే. పెట్రోల్‌ను తోడేస్తే పోతుంది, రజను పోదు.

మంట వైపు నుంచీ ఇబ్బందే. డీజిల్ తనంతట తానే అంటుకోవాలి కాబట్టి దానికి సీటేన్ సంఖ్య (ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే అంకె) కావాలి, దేశాన్ని బట్టి కనీసం 40 నుంచి 51. పెట్రోల్‌ది 10, 20 మధ్య ఉంటుంది. ఆలస్యంగా, ఒక్కసారిగా మండుతుంది కాబట్టి ఇంజన్ గరగరలాడుతుంది, పొగ వస్తుంది, లాగుడు పోతుంది, ఆఖరికి ఆగిపోతుంది. కానీ ఈ లక్షణాలు బయటపడే సమయానికి పంపు అరుగుదల మొదలై ఉంటుంది. అందుకే "ఆగేదాకా పోనిద్దాం" అన్న ఆలోచన ఖరీదైనది.

టూటీ ఆయిల్ సంగతి. 50 లీటర్లలో పావు లీటరు అంటే అర శాతం. జారుడు గుణం కాస్త పెరుగుతుందేమో గానీ, మిగిలిన 30 శాతం పెట్రోల్ వల్ల తగ్గిన చిక్కదనం, పుట్టే ఆవిరి, పడిపోయిన సీటేన్ అలాగే ఉంటాయి. పాత తరం డీజిళ్లకు చలి దేశాల్లో కొన్ని కంపెనీల మాన్యువళ్లే కొంత పెట్రోల్ కలుపుకోవచ్చని రాసేవి, మైనం గడ్డకట్టకుండా ఉండటానికి. "డీజిల్‌లో పెట్రోల్ పర్లేదు" అన్న మాటకు మూలం అదే. అప్పటి ఇంజెక్షన్ పంపులు కొన్ని వందల బార్లకు చేసినవి, కొన్నింటికి ఇంజనాయిలే కందెన. కామన్ రైల్‌కు ఆ సలహా వర్తించదు. ఎన్ని లీటర్లయినా, అర లీటరైనా, ఇందులో నా మాట ఒక్కటే: తోడించండి.

బండిని కదిలించే విధానం

మీరు రోడ్డు పక్కన ఉన్నారు. గేర్ న్యూట్రల్ చేసి తోయడం మాన్యువల్ బండికి సులువు. స్టీరింగ్ లాక్ వదలడానికి తాళాన్ని మొదటి మెట్టు వరకు తిప్పితే చాలు, డాష్‌బోర్డు దీపాలన్నీ వెలిగే మెట్టుదాకా వెళ్లొద్దు. ఆ మెట్టు దగ్గర ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపు రెండు మూడు సెకన్లు తిరిగి కొత్త మిశ్రమాన్ని ముందుకు తోస్తుంది. బటన్ స్టార్ట్ అయితే బ్రేక్ తొక్కకుండా ఒక్కసారే నొక్కండి. కొన్ని కార్లలో డ్రైవర్ తలుపు తెరిచినా పంపు ఓసారి తిరుగుతుంది. అందుకని మొదటి పనిగా ఫ్యూజు పెట్టె మూత మీద బొమ్మ చూసి ఫ్యూయల్ పంపు ఫ్యూజు గానీ రిలే గానీ లాగేయండి. బ్యాటరీ వైరు మాత్రం పెట్రోల్ వాసన వస్తున్నచోట విప్పకండి, విప్పేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు.

ఆటోమేటిక్ అయితే గేర్ లివర్ పక్కన చిన్న మూత కింద లాక్ విడిపించే మీట ఉంటుంది, బ్రేక్ పట్టుకుని స్క్రూడ్రైవరుతో నొక్కితే న్యూట్రల్‌లోకి వస్తుంది. ఎలక్ట్రానిక్ గేరు, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్నవాటితో కుస్తీ పట్టకండి. ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) మీద చక్రాల కింద పళ్లేలు పెట్టి లాగించుకోవడమే మేలు. హైబ్రిడ్లలో "రెడీ" దీపం వెలిగిందంటే ఇంజన్ ఎప్పుడైనా దానంతటదే లేస్తుంది, ఆ స్థితికి తీసుకురావద్దు.

తోడటం

ఇది ఇంట్లో చేసే పని కాదు, చేసేవాళ్లు సరిగ్గా చేస్తున్నారా అని చూసుకోవడానికే ఈ వివరం. డీజిల్ ఒక్కటే అయితే 52, 55 డిగ్రీలు దాటితే గానీ దాని ఆవిరికి నిప్పంటుకోదు. పెట్రోల్‌కు ఆ హద్దు సున్నాకు 40 డిగ్రీల కింద. మీ ట్యాంకులో ఇప్పుడు 60 శాతం పెట్రోల్. కాబట్టి అది డీజిల్ బండి అన్నమాట మరిచిపోయి, తెరిచిన పెట్రోల్ ట్యాంకులాగే చూడాలి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకి గుంటల్లో నిలుస్తుంది. సర్వీసు గొయ్యి మీద బండి పెట్టి ఈ పని చేసేవాళ్లు కనిపిస్తే అక్కడ్నుంచి వచ్చేయండి.

మూతి నుంచి గొట్టం దించి లాగుదామంటే చాలా కొత్త బండ్లలో కుదరదు. మెడ దగ్గరో ట్యాంకు లోపలో కవాటం అడ్డుంటుంది. బలవంతంగా దూర్చిన గొట్టం అందులో ఇరుక్కుంటే పైకి రాదు, ట్యాంకు దించాల్సి వస్తుంది. నోటితో పీల్చడం అసలే వద్దు. ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుక్క పోయినా రసాయన న్యుమోనియా రావచ్చు. అలా మింగినవాళ్లకు వాంతి చేయించకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సరైన దారి చాలా కార్లలో వెనక సీటు కింద ఉంటుంది. సీటు లేపితే గుండ్రటి మూత, దాని కింద పంపు సెండర్ యూనిట్ (ట్యాంకు పంపు, ఇంధన మట్టం కొలిచే భాగం కలిసినది), దాన్ని పట్టుకున్న లాక్ రింగు. చుట్టూ ఉన్న దుమ్ము ముందు వ్యాక్యూమ్‌తో తీసేయాలి (ట్యాంకు తెరవకముందే, తెరిచాక కాదు). రింగును ఇనప ఉలితో కొట్టకూడదు, దాని కోసమే ఉన్న పనిముట్టుతోనో ఇత్తడి కడ్డీతోనో తిప్పాలి. తోడే పంపు గాలితో నడిచేదో, పేలుడు వాతావరణానికి తగినదని ముద్ర ఉన్నదో అయి ఉండాలి. మామూలు 12 వోల్టుల నీళ్ల పంపు కాదు. తోడినదాన్ని లోహపు డబ్బాలోకే తీసుకోవాలి, డబ్బా నేల మీద ఉండాలి, డబ్బాకూ కారు బాడీకీ వైరు క్లిప్పులు గొట్టం పెట్టకముందే తగిలించాలి. ప్లాస్టిక్ బకెట్లోకి పడే పెట్రోల్ ధార స్థిర విద్యుత్తును పోగేస్తుంది. పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండరు ఉండాలి.

తరచూ తప్పు జరిగే చోటు ఒకటుంది. వెనక చక్రాలకు శక్తి వెళ్లే బండ్లలో, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నవాటిలో ట్యాంకు తరచూ జీను ఆకారంలో ఉంటుంది. మధ్యలో షాఫ్టుకు దారి వదిలి రెండు వైపులా రెండు గుంటలు. పంపు ఒక వైపు ఉంటుంది, రెండో వైపుది చిన్న జెట్ పంపు ద్వారా ఇటు చేరుతుంది. ఒక వైపు తోడి "అయిపోయింది" అంటే రెండో గుంటలో 10 లీటర్లు మిగిలిపోవచ్చు. రెండో సీటు కింద కూడా మూత ఉందేమో చూడమనండి. ఎంత తోడారో కొలిస్తే సులువుగా తేలుతుంది: మీ లెక్కలో 25 లీటర్లు ఉండాలి. 15 మాత్రమే వస్తే మిగతాది ఎక్కడో ఉంది.

పంపు కూర్చునే గిన్నెలో, మూలల్లో ఓ లీటరు రెండు లీటర్లు ఎలాగూ మిగులుతుంది. 2 లీటర్లు మిగిలాయనుకుంటే అందులో పెట్రోల్ 1.2 లీటర్లు. నేరుగా నిండా డీజిల్ పోస్తే 2.4 శాతం, అది ఎక్కువే. అలా కాక 5 లీటర్ల మంచి డీజిల్ పోసి, కలియబెట్టి, మళ్లీ 2 లీటర్లు మిగిలేలా తోడితే పెట్రోల్ 0.34 లీటరుకు దిగుతుంది. ఇంకోసారి అలాగే చేస్తే 0.1 లీటరు. అప్పుడు ట్యాంకు నింపితే 0.2 శాతం. 10 లీటర్ల డీజిల్ ఖర్చుతో పన్నెండో వంతుకు తగ్గింది. 60 శాతం కలిసిన ట్యాంకుకు రెండు కడుగుళ్లు తప్పనిసరి అంటాను. 40 లీటర్ల డీజిల్‌లో 2 లీటర్లు పడిన ట్యాంకుకు ఒకటి చాలు. మూసేటప్పుడు లాక్ రింగు కింది రబ్బరు ఓ-రింగు కొత్తది వేయాలి. పాతది ఇంధనానికి ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు, తర్వాత నిండు ట్యాంకుతో మలుపు తిరిగినప్పుడు వాసన వస్తుంది.

స్టార్ట్ చేయకముందు చూడాల్సింది

ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి, "అయిపోయింది, తీసుకెళ్లండి" అంటారు చాలాచోట్ల. స్టార్ట్ చేయని బండికైతే అది చాలు. మీది నడిచింది కాబట్టి మరో రెండు పరీక్షలు కావాలి, రెండూ అరగంట పనే.

పాత ఫిల్టరు పారేయనివ్వకండి. అందులోని ఇంధనాన్ని శుభ్రమైన తెల్ల పింగాణీ గిన్నెలోకి వంచి ఎండలో కదిపి చూడాలి. వెండి పూత పూసినట్టు మెరుపు కనిపిస్తే రజను వచ్చినట్టే. ఫిల్టరును రంపంతో కాదు, కట్టరుతో కోయాలి. రంపం పొడి పడితే ఏది దేనిదో తెలియదు. కాగితపు మడతలు విప్పి రెండు వైపులా చూడాలి. గిన్నెలో అయస్కాంతం తిప్పితే ఉక్కు అంటుకుంటుంది, అల్యూమినియం అంటుకోదు. పంపు బాడీ అల్యూమినియంతో చేసిన రకాలున్నాయి కాబట్టి, అయస్కాంతానికేమీ అంటలేదని నిశ్చింతగా ఉండకూడదు. మెరుపు ఉందా లేదా అన్నదే చూడాలి.

ఫిల్టరు పంపుకు ముందుంటుంది. అందులో రజను కనిపించిందంటే అది ట్యాంకుదాకా వెళ్లి తిరిగొచ్చిందన్నమాట. కిలోమీటరు దూరం నడిచిన బండిలో అంత చుట్టు తిరగకపోవచ్చు, అందుకే రెండో పరీక్ష ముఖ్యం. హై ప్రెజర్ పంపు మీద, లోపలికి వెళ్లే ఇంధనాన్ని కొలిచి వదిలే వాల్వు ఉంటుంది. కొందరు మీటరింగ్ వాల్వు అంటారు, కొందరు సక్షన్ కంట్రోల్ వాల్వు అంటారు. రెండు మూడు స్క్రూలతో బయటికి వస్తుంది. దాని చివరన, ఉంటే జాలీ మీద, అది కూర్చునే గుంటలో కాటుకలాంటి బూడిదరంగు ముద్ద గానీ, మెరిసే రేణువులు గానీ ఉంటే పంపు లోపల అరుగుతున్నట్టు. శుభ్రంగా ఉంటే కొత్త ఓ-రింగుతో బిగించి ముందుకు వెళ్లొచ్చు. అయితే ఇంజన్ ఆపిన వెంటనే విప్పొద్దు, రైలులో ఒత్తిడి పూర్తిగా దిగేందుకు కనీసం ఐదు నిమిషాలు ఇవ్వాలి.

తర్వాత కొత్త ఫిల్టరు. గాలి తగ్గుతుందని దాన్లో ముందే డీజిల్ నింపుతారు. నింపితే బయటి చుట్టు రంధ్రాల్లోంచే నింపాలి. మధ్య కన్నంలో పోసిన డీజిల్ వడకట్టకుండానే పంపులోకి పోతుంది, చేతులారా మట్టి పోసినట్టే. ట్యాంకులో కనీసం 20 లీటర్లు పోసి, ఫ్యూజు తిరిగి పెట్టి, పంపుకు వెళ్లే పైపు అక్కడ విప్పి, ఓ లీటరు డీజిల్ డబ్బాలోకి వదిలేయాలి. పైపుల్లోని మిశ్రమం పోవడానికి. రిటర్న్ పైపునూ ఇలాగే. చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కాలి, లేకపోతే స్కానరుతో (బండి కంప్యూటరుకు తగిలించే పరికరం) ట్యాంకు పంపును ఒకటి రెండు నిమిషాలు నడిపించాలి. గాలి పోకుండా సెల్ఫ్ కొడుతూ ఉండటం పంపును ఎండబెట్టి తిప్పడమే, పెట్రోల్ చేసిన పనే మనమూ చేసినట్టు. సెల్ఫ్ 10 సెకన్లు, ఆపై ఒక నిమిషం విశ్రాంతి.

పాత అలవాటుగా ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి గాలి తీసేవాళ్లుంటారు. కామన్ రైల్ మీద అది ప్రాణాంతకం. ఆ ధార చర్మంలో సూదికన్నా సులువుగా దిగుతుంది, పైకి చిన్న చుక్కలాగే కనిపించినా లోపల కండ కుళ్లుతుంది, వెంటనే ఆపరేషన్ కావాల్సిన గాయం అది.

స్టార్ట్ అయ్యాక ఎక్సలేటరు తొక్కకుండా 15 నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, స్కానరులో కోరిన రైలు ఒత్తిడి, వచ్చిన రైలు ఒత్తిడి పక్కపక్కన పెట్టి చూడాలి. చాలా ఇంజన్లలో సెల్ఫ్ మీద 200 బార్లు దాటితే గానీ ఇంజెక్టర్లు తెరుచుకోవు, ఐడిల్‌లో 250 నుంచి 350 మధ్య ఉంటుంది. అంకెకన్నా ముఖ్యం రెండు గీతలూ కలిసి నడుస్తున్నాయా అన్నది. వచ్చిన ఒత్తిడి అలల్లా ఊగుతుంటే గాలి మిగిలి ఉండొచ్చు. రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కినప్పుడు కోరినదానికన్నా బాగా వెనకబడితే పంపు బలం తగ్గినట్టు. నాలుగు సిలిండర్ల కరెక్షన్ విలువలు (ఒక్కోదానికి ఇంధనాన్ని కంప్యూటరు ఎంత సవరిస్తోందో చెప్పేవి) కూడా చూడాలి. ఒకటి మాత్రం మిగతావాటికి దూరంగా ఉంటే ఆ ఇంజెక్టరు మీద కన్నేయాలి.

ఇంజెక్టర్ల రిటర్న్‌కు నాలుగు సీసాలు తగిలించి, రెండు నిమిషాలు నడిపి మట్టాలు పోల్చే పరీక్ష కూడా మంచిదే. ఒకదాన్లో మిగతావాటికి రెండు మూడింతలు చేరితే అది లోపల కారుతోంది. కానీ పీజో రకం (విద్యుత్తు తగిలితే సాగే స్ఫటికంతో తెరుచుకునే) ఇంజెక్టర్లకు ఈ పరీక్ష పెట్టొద్దు. వాటి రిటర్న్ వైపు కొన్ని బార్ల ఒత్తిడి నిలిచి ఉండాలి, గొట్టం విప్పి సీసాలోకి వదిలితే బాగున్నవి కూడా పనిచేయవు. ఈ ఒక్క తేడా తెలియక నాలుగు మంచి ఇంజెక్టర్లు మార్పించేవాళ్లు ఉన్నారు.

అన్నీ సరిపోతే బండి తీసుకెళ్లి, 500 కి.మీ. దగ్గర ఫిల్టరు ఇంకోసారి మార్పించి, దాన్నీ కోసి చూడండి. రెండోసారి కూడా శుభ్రంగా ఉంటే ఈ వ్యవహారం ముగిసినట్టే.

రజను కనిపిస్తే మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. పంపు, రైలు, ఇంజెక్టర్లు, హై ప్రెజర్ పైపులు, రిటర్న్ పైపులు, ఫిల్టరు అన్నీ ఒకేసారి మార్చాలి, ట్యాంకు దించి కడగాలి. పంపు ఒక్కటి మార్చి డబ్బు మిగిల్చామనుకుంటే రైలులో మిగిలిన రజను ఇంజెక్టర్లను, ట్యాంకులో మిగిలినది కొత్త పంపును పట్టుకుంటుంది. కొత్త ఇంజెక్టర్ల మీద చెక్కిన కోడ్‌లను ఏ సిలిండరుకు ఆ సిలిండరుగా స్కానరుతో నమోదు చేయాలి. చేయకపోతే ఐడిల్ కుదురుగా ఉండదు, పొగ తగ్గదు. ఇంత పెద్ద ఎస్టిమేట్ ఎవరైనా ఇస్తే ముందు అడగాల్సింది ఒకటే: రజను చూపించండి. గిన్నెలో మెరుపు, వాల్వు మీద ముద్ద మీ కళ్లతో చూసి ఫొటో తీసుకోకుండా సెట్టు మొత్తం మార్చడానికి ఒప్పుకోవద్దు. చూశాక సగం మార్చడానికీ ఒప్పుకోవద్దు.

పెట్రోల్ బండిలో డీజిల్

ఇది అరుదు. ప్రమాణాలు పాటించేచోట పెట్రోల్ నాజిల్ వ్యాసం 21 మి.మీ. దగ్గర, డీజిల్‌ది 25 దగ్గర ఉంటుంది. సన్నది లావు మూతిలో సులువుగా దూరుతుంది, లావుది సన్న మూతిలో దూరదు. నాజిల్ రంగును నమ్ముకోవడం మాత్రం ప్రమాదం. యూరప్‌లో ఆకుపచ్చ పిడి అంటే పెట్రోల్, అమెరికాలో చాలాచోట్ల అదే రంగు డీజిల్. క్యానుతో, గరాటుతో పోసేటప్పుడు ఏ అడ్డూ పనిచేయదు, ఈ రకం పొరపాట్లు ఎక్కువగా అక్కడే.

నష్టం తక్కువే, ఎందుకంటే డీజిల్ జారుడు గుణమున్నది, ఏ పంపునూ అరగదీయదు. అది ఆవిరి కాదు, స్పార్కుకు సరిగా అంటుకోదు, ఆక్టేన్‌ను (స్పార్కుకు ముందే తనంతట తాను అంటుకోకుండా నిలిచే గుణాన్ని) పడగొడుతుంది. ఇంజన్ కొట్టుకుంటుంది, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, ప్లగ్గులు తడిసి ఆగిపోతుంది. డీజిల్ బరువు కాబట్టి కలిసేలోపు అడుగుకు చేరుతుంది, ట్యాంకు పంపు లాగేదీ అడుగు నుంచే. అందుకే తక్కువ పోసినా లక్షణాలు త్వరగా కనిపిస్తాయి.

తోడి, ఓసారి కడిగి, పెట్రోల్ పోసి, ఇంజెక్టర్ల రైలు గుండా కొంత వదిలి, ప్లగ్గులు తీసి తుడవాలి. నల్లగా జిడ్డుగా ఉంటే మార్చడమే చవక. మరిచిపోయేది ఇంజనాయిల్. మండని డీజిల్ సిలిండరు గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోల్ అయితే ఇంజన్ వేడికి కొంత ఎగిరిపోతుంది, డీజిల్ పోదు. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినా, డీజిల్ వాసన వచ్చినా ఆయిలూ దాని ఫిల్టరూ మార్చాలి. స్టార్ట్ అయ్యాక కొన్ని కిలోమీటర్లు పొగ వస్తుంది, కంగారు పడొద్దు. గట్టిగా తొక్కితే మాత్రం క్యాటలిటిక్ కన్వర్టరులో (పొగను శుద్ధి చేసే భాగం) చేరిన మండని ఇంధనం అక్కడే మండి దాన్ని కాల్చేస్తుంది. నిండు ట్యాంకులో ఓ లీటరు డీజిల్, అంటే 2 శాతం, పడితే మామూలు పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండరు బయటే పెట్రోల్ చిమ్మే) ఇంజన్ నెమ్మదిగా నడిపితే తట్టుకుంటుంది. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్నదానికి అంతకూడా వద్దంటాను, నాకింగ్‌కు, అంటే ఇంజన్ కొట్టుకోవడానికి, అవి సున్నితం.

తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోయించుకున్నానని కంగారుపడేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. నాకింగ్‌ను సెన్సరు పసిగడితే ఇంజన్ స్పార్కు టైమింగ్ తగ్గించుకుంటుంది, ఆ ట్యాంకు అయ్యేదాకా బరువెక్కించకుండా నడపండి. ఈ85 (ఇథనాలే ఎక్కువగా ఉండే ఇంధనం) మాత్రం వేరు. అది ఫ్లెక్స్ ఫ్యూయల్ అని రాసి ఉన్న బండికే; మామూలు బండిలో నిండా పోస్తే మిశ్రమం పలచబడి ఇంజన్ దీపం వెలుగుతుంది, తోడేయాలి.

అన్నిటికన్నా చెడ్డది యాడ్‌బ్లూ

యాడ్‌బ్లూ అంటే కొన్ని డీజిల్ బండ్లలో పొగలోని హానికర వాయువులను తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం. ఇందులో నీళ్లే ఎక్కువ, యూరియా 32.5 శాతం. డీజిల్ ట్యాంకులో పడితే కలవదు, బరువెక్కువ కాబట్టి అడుగున నిలిచి నేరుగా పంపులోకి పోతుంది. నీరు కందెన కాదు, యూరియా ఆరాక తెల్లటి స్ఫటికాలుగా గట్టిపడి సన్నటి దారులను మూసేస్తుంది, లోహాలను తింటుంది. గ్లాసెడు పడినా ఇగ్నిషన్ ఆన్ చేయకుండా తోడించాలి, అదీ ట్యాంకు దించి కడిగి. స్టార్ట్ చేసిన బండికి తరచూ మొత్తం ఇంధన వ్యవస్థ మార్పే మిగులుతుంది. దీనికి తలకిందుల పొరపాటు, నీలం మూత ఉండే యాడ్‌బ్లూ ట్యాంకులో డీజిల్ పోయడం. అప్పుడు ఇంజన్‌కేమీ కాదు, కానీ డీజిల్ పైన తేలి అక్కడి రబ్బరు సీళ్లను ఉబ్బించేస్తుంది. డోసింగ్ పంపు, ట్యాంకు మార్చాల్సి రావచ్చు కాబట్టి అక్కడ కూడా ఆన్ చేయొద్దు.

ఏం పోశారో తెలియని పక్షంలో

డ్రైవరు ఒకటి చెబుతాడు, బంకు వాళ్లు ఇంకోటి చెబుతారు. ట్యాంకు నుంచి తీసిన చుక్కను తెల్ల కాగితం మీద వేసి పావుగంట ఆగండి. పెట్రోల్ ఆనవాలు లేకుండా ఎగిరిపోతుంది, డీజిల్ నూనె మరక వదులుతుంది. మిశ్రమం కూడా మరక వదులుతుంది కాబట్టి ఇది తేల్చేది కొంతే. కచ్చితంగా కావాలంటే సాంద్రత చూడాలి. మంచి డీజిల్ లీటరు 820 నుంచి 845 గ్రాములు, పెట్రోల్ 720 నుంచి 775. మీ 60 శాతం మిశ్రమం 780 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. వేడిని బట్టి మారుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.7 గ్రాము. అందుకని మంచి డీజిల్‌ను పక్కన పెట్టి, రెండింటినీ ఒకే వేడి దగ్గర తూచడం మేలు. తోడేటప్పుడు మొదట వచ్చిన లీటరును లోహపు డబ్బాలో మూసి, తేదీ, ఓడోమీటరు అంకె రాసి, బిల్లుతో పాటు దాచండి. తర్వాత ఎవరు కట్టాలన్న వాదన వస్తే మాటలకన్నా అదే పనికొస్తుంది. బీమా వాళ్లతో మాట్లాడేటప్పుడు, పొరపాటు తెలిశాక మళ్లీ స్టార్ట్ చేశారా అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న అవుతుంది.

మిగిలింది తోడిన సుమారు 35 లీటర్లు, కడిగిన డీజిల్‌తో కలిపి. అది డ్రైనేజీలో పోసేది కాదు, ఇంకో బండిలో "కొంచెం కొంచెం కలిపి వాడుకుందాం" అనేదీ కాదు. వాడిన ఆయిల్ తీసుకునే అధీకృత కేంద్రానికి, ఏమేం కలిసిందో డబ్బా మీద రాసి ఇవ్వాలి. గ్యారేజీ కుర్రాళ్లు స్టవ్వుకో దీపానికో పట్టుకెళ్తామంటే ఒక్క చుక్క ఇవ్వొద్దు. కిరోసిన్ కోసం చేసిన స్టవ్వులో పెట్రోల్ కలిసిన డీజిల్ పోసి వెలిగిస్తే ట్యాంకు చేతిలోనే పేలొచ్చు.